తప్పు పేరున్న ఆటగాళ్లు

మా బిల్డింగు లిఫ్టులో ఒక ఆడగొంతు ఉంది. రెండో అంతస్తులో ఆగి మూడో అంతస్తు అంటుంది. మూడో అంతస్తులో ఆగి నాలుగు అంటుంది. నాలుగో అంతస్తుకు చేరాక మాత్రం ఏమీ అనదు. ఉన్నవి నాలుగే అంతస్తులు కాబట్టి, చెప్పడానికి ఏమీ మిగలక కావచ్చు. ఆ చెప్పేదేదో ముందు అరబిక్‌లో, తర్వాత ఇంగ్లీషులో, ఎంతో నమ్మకంగా చెబుతుంది. మేముండేది మూడో అంతస్తు. భోజనానికి పిలిచిన ఆఫీసు మిత్రుడొకడు ఆ గొంతును నమ్మి రెండో అంతస్తులో దిగి, సూడాన్ వాళ్లింట్లో కూర్చుని, వాళ్లు పెట్టిన ఖర్జూరాలు తిని, కాఫీ తాగి, తీరిగ్గా పైకి వచ్చాడు. వచ్చాక మా పప్పుచారు మీద పెద్దగా ఆసక్తి చూపలేదు.

దాన్ని బాగుచేయించమని మా బిల్డింగు మెయింటెనెన్స్ చూసే అన్నకు చాలాసార్లు చెప్పాను. ఆయనది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఈ రియాద్ మహానగరంలో, మలాజ్ పేటలో, మా సందులోని ఏసీలు, నీళ్ల మోటార్లు, కుళాయిలు, గొళ్లాలు అన్నీ ఆయన చేతి మీదుగానే నడుస్తాయి.

"సారూ, లిఫ్టు ఆగాల్సిన కాడ ఆగుతున్నదా లేదా?" అన్నాడు.

"ఆగుతోంది."

"మరింకేంది? మాట్లాడెటోళ్లు మస్తు మాట్లాడుతరు. మనం దిగేది మనం సూసుకోవాలె."

ఆ విషయం అక్కడితో వదిలేశాను. నిజానికి, ఒకటి ఉండాల్సిన చోట ఇంకొకటి రాసి ఉందని గొడవపడే అర్హత నాకు లేదు. అలాంటివే ఏరి ఏరి ఇంట్లో ఒక బిస్కెట్ డబ్బాలో దాచుకున్నాను.

అవి బేస్‌బాల్ కార్డులు. డెబ్బైలలో అమెరికాలో పిల్లలు కొనుక్కునే చూయింగ్ గమ్ పొట్లాల్లో పేకముక్కంత అట్టలు వచ్చేవి. ముందువైపు ఆటగాడి ఫొటో, దాని కింద పేరు. వెనకవైపు అతనేం సాధించాడో చీమల బారుల్లాంటి అంకెల్లో. నేను బేస్‌బాల్ ఆట ఒక్కటీ మొదటి నుంచి చివరి దాకా చూసిన పాపాన పోలేదు. ఎవరు ఎప్పుడు ఎందుకు పరిగెడతారో ఇప్పటికీ తెలియదు. ఒంగోలు దగ్గర ఇంజనీరింగ్ చదివి, రియాద్‌లో వంతెనల కాంక్రీటు గట్టిగా ఉందో లేదో తట్టి చూసే మనిషికి ఇదేం పిచ్చి అని అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు. మా ఆవిడ అడిగింది కాబట్టి చెబుతున్నాను.

సూట్‌కేసు కొందామని హరాజ్‌కు, అంటే పాత సామాన్ల సంతకు, వెళ్లినప్పుడు మొదలైంది. అక్కడ ఊగే బల్ల ఒకటుంది. దాని కాలి కింద నాలుగు అట్టముక్కలు మడిచి పెట్టారు. ఒకదానిలోంచి ఒక మనిషి నా వైపు చూస్తున్నాడు. బల్ల కాలు వాడి టోపీ మీద ఉంది. అయినా వాడి ముఖంలో ఏ ఫిర్యాదూ లేదు. ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగితే దుకాణదారు ఒక డబ్బా తీసి దుమ్ము ఊదాడు. ఒకప్పుడు ఇక్కడ పనిచేసిన అమెరికా కుటుంబాలు దేశం వదిలి వెళ్లేటప్పుడు ఫ్రిజ్‌లతో పాటు పిల్లల పెట్టెలు కూడా అమ్మేసి పోయేవారట. ఆ రోజు సూట్‌కేసు కొనలేదు.

శుక్రవారం మధ్యాహ్నాలు నాకు ఇష్టం. బయట దుమ్ము లేస్తే కిటికీ తెర తేనె రంగుకు తిరుగుతుంది. ఏసీ గురక పెడుతుంది. మా ఆవిడ పక్కగదిలో నిద్రపోతుంది. నేను దుప్పటి మీద కార్డులు పరుస్తాను. వాటిలో ఒక్కో అట్టకు ఒక్కో ఆకాశం ఉండాలి నిజానికి. కానీ అన్నిట్లోనూ ఒకటే ఆకాశం ఉన్నట్టుంటుంది, ఎవరో ఉతికి, ఆరేసి, మళ్లీ మళ్లీ వాడుకున్న నీలం. దాని కింద పచ్చగడ్డి. గడ్డి మీద చెంపల మీదికి దిగిన జుట్టు, పెద్ద కాలర్లు ఉన్న మనుషులు. వాళ్లకు బ్యాట్లు తీసేసి చేతిలో అక్షింతలు పెడితే మా పెద్దమామయ్య పెళ్లి ఫొటోలో నిలబడిపోతారు. కార్డు ముక్కు దగ్గర పెట్టుకుంటే యాభై ఏళ్ల కిందటి గమ్ వాసన ఇంకా వస్తుంది. లేదా వస్తోందని నేను అనుకుంటాను. ఆ మనుషులందరూ ఫొటో తీసేవాడి భుజం మీదుగా ఎటో చూస్తూ ఉంటారు, దూరం నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు, ఆ పేరు తమదో కాదో తేల్చుకోలేకపోతున్నట్టు. ఎక్కువసేపు చూస్తే నాకు కూడా ఎవరో పిలిచినట్టే ఉంటుంది. సాధారణంగా అది మా ఆవిడే, టీ కోసం.

గొప్ప ఆటగాళ్లెవరో నాకు తెలియదు. కాబట్టి వింత కార్డులు ఏరుకున్నాను. జట్టు మారినవాడికి పాత టోపీ మీదే కొత్త టోపీ రంగు పూసిన కార్డు ఒకటి. సరిగ్గా ఫొటో తీసే క్షణంలో కళ్లు మూసుకున్నవాడిది ఒకటి. వెనకాల ఎవరికీ సంబంధం లేని కుక్క తోక ఊపుతూ వెళ్లిపోయే కార్డు ఒకటి, అది నాకు చాలా ఇష్టం. తప్పును గుర్తుపట్టడానికి ఆట తెలియనక్కర్లేదు.

మీసాలాయన కార్డు కూడా అలా కొన్నదే. దట్టమైన మీసాలు, నవ్వీ నవ్వని ముఖం. అందులో తప్పేమిటో నాకు కనపడలేదు. మీసాలు బాగున్నాయని కొన్నాను. తప్పేమిటో చెప్పింది మా సందు చివర పాత రేడియోలు, గడియారాలు అమ్మే ముసలాయన.

ఆయన సౌదీయే. అరవై దాటిన మనిషి. నన్ను ముహందిస్ అంటాడు, అంటే ఇంజనీరు అని. తూర్పుతీరంలో చమురు కంపెనీ అమెరికన్ క్యాంపు పక్కన పెరిగాడు. వాళ్ల నాన్న ఆ క్యాంపుకు లారీ నడిపేవాడు. క్యాంపు పిల్లలతో ఆడుకుని నేర్చుకున్న ఇంగ్లీషు కావడంతో, ఇప్పటికీ ఆయన ఇంగ్లీషు పదేళ్ల అమెరికా పిల్లాడి ఇంగ్లీషులాగే ఉంటుంది. తెల్లటి గడ్డం, మడమల దాకా తెల్లటి తోబు అంగీ, లోపల నిక్కరు వేసుకున్న భాష.

మీసాలాయన కార్డు చూపించగానే ఆయన లేచాడు. గడియారం బెల్టులున్న సొరుగు తెరిచి, అడుగు నుంచి ఒక కార్డు తీసి నా కార్డు పక్కన పెట్టాడు. అందులో మెడ పొడుగాయన ఒకడున్నాడు. ఆ ఫొటో కింద ఉన్నది మీసాలాయన పేరు. నా మీసాలాయన కింద ఉన్నది మెడ పొడుగాయన పేరు. ప్రెస్సులో ఎవరో ఒకరి పేరు ఒకరికి తగిలించేశారు.

"చిన్నప్పుడు మీసాలవాడు మా అన్నయ్య దగ్గర ఉండేవాడు. మెడవాడు నా దగ్గర" అన్నాడు ముసలాయన. "నీవాడు నావాడి పేరు దొంగిలించాడు అని అన్నయ్య నన్ను కొట్టేవాడు. నేనూ అదే మాట అని కొట్టేవాణ్ని. ఇద్దరం చెప్పింది నిజమే కాబట్టి ఆ గొడవ ఎప్పటికీ తెమల్లేదు."

అన్నయ్య కార్డు ఇల్లు మారినప్పుడు పోయిందట. అన్నయ్య ఇప్పుడు దమ్మామ్‌లో ఉన్నాడు. పేర్లు మరిచిపోతున్నాడు. ముందు మనవళ్ల పేర్లు పోయాయి, తర్వాత కొడుకులవి.

"నాదీ పోయింది, ముహందిస్. వెళ్తే లేచి నిలబడతాడు, కూర్చోమంటాడు, కాఫీ ఇమ్మంటాడు. చాలా మర్యాదగా ఉంటాడు. జన్మలో నాతో మర్యాదగా ఉన్నవాడు కాదు."

ఈ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి అన్నయ్యకు చూపించాలని ఆయన కోరిక. పేర్లు పోయినా పేర్ల గొడవ పోయి ఉండదని ఆయన లెక్క.

ఇస్తానన్నాను. వచ్చే శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత తెచ్చి ఇస్తానని కూడా అన్నాను. శనివారం పొద్దున ఆయన దమ్మామ్ ప్రయాణం. అప్పుడే ఇవ్వొచ్చు కదా అంటే ఇవ్వొచ్చు. కానీ ఇన్నాళ్లూ మీసాల కోసం ఉంచుకున్నవాడు పరాయి పేరుతో బతుకుతున్నాడని ఇప్పుడే తెలిసింది. ఒక్క వారం ఆ కళ్లతో చూసుకుందామనిపించింది. ఇవ్వడమనేది నాకు కొంచెం మెల్లగా వచ్చే విద్య.

ఆ వారంలోనే ఏసీ నీళ్లు కార్చింది. బాగుచేయడానికి మెయింటెనెన్స్ అన్న వచ్చి, స్టూలెక్కి, పైనుంచి బల్ల మీది కార్డును చూశాడు.

"ఏంది సారూ, పేకముక్కనా?"

"కాదన్నా. ఆటగాడి బొమ్మ. అమెరికాలో కర్రతో బంతిని కొట్టి పరిగెత్తే ఆట ఉంది. మన బిళ్లంగోడు లాంటిది."

"బిళ్లంగోడంటే?"

చేతులతో చూపించాను.

"చిర్రగోనె అనరాదుండ్రి మరి. చిర్రగోనె ఆడినోనికి ఫొటో తీసిన్రా? మా ఊళ్లె అయితే వీపు మీద వాతలు తీసెటోళ్లు."

గొప్పకు పోయి అసలు సంగతి చెప్పాను. ఈ మనిషి పేరు ఇది కాదని, ఇంకొకడిది పడిందని. అన్న స్టూలు దిగాడు. స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"పేరుల గల్తి పడ్డదా?"

"పడింది. యాభై ఏళ్లు కావస్తోంది."

"అయ్యో. యాభై ఏండ్ల సంది ఎవలు మార్పియ్యలేదా?"

"ఎవరు మారుస్తారన్నా?"

"మరి అసలు పేరేంది సారూ?"

చెప్పాను. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. తర్వాత తనే ఒకసారి పైకి అనుకుని, ఏసీ వైపు తిరిగాడు. ఆ జాగ్రత్త చూసి నేను అనుమానించాల్సింది. అనుమానించలేదు.

పేరు తప్పు పడినవాడి మీద జాలి అనుకున్నాను, ఆ బాధ ఎలాంటిదో నాకూ కొంత తెలుసు. తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం. ఇక్కడి కాగితాలు ముందున్నదాన్నే మనిషి పేరు అనుకుంటాయి. ఆఫీసులో అందరూ నన్ను మా ఇంటిపేరుతోనే పిలుస్తారు. మా వైపు మనిషిని ఇంటిపేరుతో పిలిచేది పోలీసులూ, బ్యాంకు నోటీసులూ. పొద్దున్నే "గుడ్ మార్నింగ్" అంటూ ఎవరైనా అలా పిలిస్తే ఇప్పటికీ ఏ వాయిదా కట్టలేదో అని గుండె ఆగుతుంది. నా సంగతి అంతవరకే. అన్న సంగతి ఇంకా ముందుకెళ్లింది. పాస్‌పోర్టు కొత్తది చేయించుకున్నప్పుడు పేరు సరిచేశారు. అకామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు, పాత పేరుతోనే మిగిలింది. తమ్ముడి పెళ్లికని సబ్బులు, అత్తరు సీసాలు, దుప్పట్లు సర్దుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్తే, కౌంటర్‌లో ఆయన రెండు కాగితాల్లో రెండు పేర్లున్న ఒక మనిషి అయ్యాడు. పెట్టెలతో సహా వెనక్కి వచ్చాడు. ఆ అత్తరు చాలాకాలం మా బిల్డింగు మెట్ల మీద వాసన వేసింది.

"పెండ్లి ఫొటోలల్ల అందరి పేర్లు కరెక్టే ఉన్నయి సారూ" అన్నాడు ఒకసారి. "నేనే లేను."

గురువారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా ఆవిడ సంతోషంగా ఉంది.

"ఏవండీ, మీ కార్డు పని అయిపోయింది. మన మెయింటెనెన్స్ అన్నయ్య పొద్దున పట్టుకెళ్లి ఇందాకే తెచ్చిచ్చాడు."

"ఏ పని?"

"అదేంటండీ, పేరు తప్పు పడిందని మీరే చెప్పారట కదా. మన అకామా కాపీలూ అవీ ఎప్పుడూ ఆయనే కదా టైపింగ్ షాపుకు పట్టుకెళ్లేది. ఇదీ అలాంటిదే కాబోలని ఇచ్చాను."

మీసాలాయన టీవీ పక్కన నిలబడి ఉన్నాడు. లామినేషన్ చేశారు. మందమైన, ముట్టుకుంటే టపటపలాడే రకం, గల్ఫ్‌లో మనవాళ్లు సర్టిఫికెట్లకు, దేవుడి పటాలకు, కంపెనీ గుర్తింపు కార్డులకు చేయించేది. మెడలో వేసుకోవడానికి వీలుగా పైన ప్లాస్టిక్కులో చిల్లు కూడా పొడిచారు. పేరున్న చోట తెల్ల కాగితం పట్టీ అతికించి, దాని మీద నల్లటి పెద్దక్షరాల్లో అసలు పేరు టైపు చేశారు. మన పద్ధతిలో ఇంటిపేరు అక్షరం ముందుకు తెచ్చి, చుక్క పెట్టారు. స్పెల్లింగులో అదనంగా ఒక హెచ్ కూడా వచ్చి చేరింది. ఆ ఒక్క హెచ్‌తో ఆయన మా జిల్లావాడైపోయాడు.

"ఎంత నీట్‌గా చేయించాడో చూడండి" అంది మా ఆవిడ. నా ముఖం చూసి, "అదేంటి, ఎవరైనా పోయారా?" అంది.

పోయారు. పాత కార్డులు పోగేసేవాళ్లకు లామినేషన్ అంటే పూడ్చిపెట్టడం లాంటిది. పూడ్చిపెడితే నయం, తవ్వుకోవచ్చు. అట్టా ప్లాస్టిక్కూ కరిగి ఒకటైపోయాక తవ్వడానికి కూడా ఏమీ ఉండదు. అదొక్కటే అయితే నా బాధ నేను పడేవాణ్ని. కానీ సోఫాలో కూర్చుని ఆలోచించిన కొద్దీ ఇంకో చిక్కు కనిపించింది. ముసలాయన కార్డులో మెడ పొడుగాయన కింద ఉన్నది మీసాలాయన పేరు. ఇప్పుడు నా కార్డులోనూ మీసాలాయన పేరే. మీసాలాయన తన పేరు తాను తెచ్చుకున్నాడు, బాగానే ఉంది. దాంతో మెడ పొడుగాయన పేరు మా రెండు కార్డుల్లో దేని మీదా లేకుండా పోయింది. ఒక్కటే సరిచేసి రెండోది వదిలేస్తే ఇలాగే ఉంటుంది.

దమ్మామ్‌లో ఒక పెద్దాయనకు చిన్ననాటి తగువు గుర్తుచేయాలి. నేను ఆ తగువును సగం తీర్చేసి పెట్టాను.

శుక్రవారం నాతో పాటు అన్న కూడా దుకాణానికి వచ్చాడు. రమ్మని నేను పిలవలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

"మంచిగ చేపిచ్చిన గదా సారూ?"

"బాగుందన్నా" అన్నాను. చొక్కాకు మడతలు కూడా సరిగ్గా పడ్డాయి.

ముసలాయన కార్డు తీసుకుని వెలుతురులోకి తిప్పాడు. ప్లాస్టిక్కు మీద దీపం జారింది. పట్టీ దగ్గర బొటనవేలు ఆగింది. వెనక గోడ మీద గడియారాలన్నీ తలా ఒక టైము చూపిస్తున్నాయి.

అన్న హిందీలో గర్వంగా చెప్పాడు. "నామ్ మే గల్తీ థా. హమ్ ఠీక్ కరాయా."

"గలత్?" అన్నాడు ముసలాయన.

"హా, గల్తీ."

నేను అనువాదం చేయక్కర్లేకపోయింది. అరబ్బుల నోట్లో పుట్టి, ఉర్దూ మీదుగా జగిత్యాల దాకా నడిచిన మాట అది. ఇన్నాళ్లకు మళ్లీ ఇక్కడికే డ్యూటీకి వచ్చింది. ఇద్దరూ ఆ ఒక్క మాటను అటూ ఇటూ తల ఊపుకుంటూ చెప్పుకున్నారు. ఒకరు పోయినదాన్ని గురించి, ఇంకొకరు పోగొట్టినదాన్ని గురించి.

క్షమించమని చెప్పడానికి నోరు తెరిచాను. ముసలాయన చెయ్యెత్తి ఆపి, రెండు కార్డులూ జేబులో వేసుకున్నాడు. "తీసుకెళ్తాను. వేరే కార్డు వెతికేంత టైము అన్నయ్య దగ్గర లేదు" అన్నాడు.

ఆ వారమంతా నేను డబ్బా తెరవలేదు. ఒక మధ్యాహ్నం కునుకులో మాత్రం పచ్చగడ్డి మైదానం ఒకటి కనిపించింది. ఆటగాళ్లందరి మెడల్లోనూ లామినేషన్ కార్డులు వేలాడుతున్నాయి. లిఫ్టు గొంతు ఒక్కొక్కరినీ పిలుస్తోంది. పిలిచినవాడు తప్ప ప్రతివాడూ పరిగెడుతున్నాడు. బేస్‌బాల్ అంటే ఇదే కాబోలని కలలో నాకు అర్థమైంది కూడా. లేచేసరికి మళ్లీ పోయింది.

తర్వాతి శుక్రవారం ముసలాయన ఫోన్ చేసి ఇద్దర్నీ రమ్మన్నాడు. వెళ్లేసరికి ఖర్జూరాలు, కాఫీ సిద్ధంగా ఉన్నాయి. ఆయన మాటల్ని అన్న కోసం నేను తెలుగులో చెబుతూ వచ్చాను.

అన్నయ్య యథాప్రకారం లేచి నిలబడ్డాడట. కూర్చోమన్నాడట. కార్డులు రెండూ ఒళ్లో పెడితే చాలాసేపు మర్యాదగా చూశాడట, ఎవరో చుట్టం తన మనవళ్ల ఫొటోలు చూపిస్తే చూసినట్టు. ముసలాయన ఇక లాభం లేదనుకున్నాడు. అప్పుడు అన్నయ్య గోరు మీసాలాయన పట్టీ మీదకు వెళ్లింది. ప్లాస్టిక్కు పైనుంచే బరబరా గీకడం మొదలుపెట్టాడు. రాలేదు. ఇంకా గట్టిగా గీకాడు. తలెత్తి తమ్ముడి ముఖంలోకి చూశాడు.

"'గెలవడం కోసం కాగితం అతికించావా, హరామీ' అన్నాడు" అని చెప్పి, ముసలాయన కాఫీ గిన్నె కింద పెట్టాడు.

ఆ ఒక్క మాట అన్నకు నా అనువాదం కన్నా ముందే చేరింది. "సొంత తమ్మున్ని గంత మాటన్నడా?"

"అరబిక్‌లో దొంగ అని అర్థమన్నా, అంతే. చిన్నప్పుడు ఈయన్ని అలాగే పిలిచేవాడట."

"నా పేరు ఇంకా గుర్తులేదు" అన్నాడు ముసలాయన. "కానీ నేను తిరిగి బయల్దేరేటప్పుడు లేచి నిలబడలేదు. కాలితో తన్నాడు." ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. ముఖం మాత్రం పదేళ్ల పిల్లాడిదిలా వెలిగిపోతోంది. కార్డులు రెండూ అక్కడే వదిలేసి వచ్చాడట. అన్నయ్య దిండు కింద పెట్టుకుని ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదట.

అన్న చెయ్యి పట్టుకుని ఆయన అరబిక్‌లో ఏదో దీవించాడు. అన్న నా వైపు తిరిగి, తను ఏం మంచి పని చేశాడో సరిగ్గా చెప్పమన్నాడు. ఇక దాచి లాభం లేదని చెప్పేశాను. ఆ కార్డును అందరూ వెతికేదే దాని తప్పు పేరు కోసమని, సరిచేస్తే దానికి అందం పోతుందని, అలాంటి తప్పులున్నవే నేను ఏరి బిస్కెట్ డబ్బాలో పెట్టుకుంటానని, ఈసారి మాత్రం ఆయన దిద్దుబాటే అక్కరకొచ్చిందని.

అన్న ఖర్జూరం గింజ చేతిలోకి తీసుకుని, సాసరు అంచున పెట్టాడు.

"అట్టముక్కల గల్తి ఉంటే డబ్బల దాసుకుంటరు. నా అకామల గల్తి ఉంటే విమానం ఎక్కనియ్యకపోయిరి" అన్నాడు.